ఎన్నూరు దారిలో పేరు లేని బ్యాండు

పొద్దు వాలే వేళ తొండియార్‌పేట ఆకాశం ఎర్రబడదు, తుప్పు రంగు తేలుతుంది. రేవు గేట్ల వైపు బారులు తీరిన కంటెయినర్ ట్రెయిలర్లు ఎన్నూరు హైరోడ్డు పొడవునా నిలబడి, తూర్పున కాసిమేడు చేపల వాసననీ పడమట చమురు ట్యాంకుల వాసననీ ఒకే ఊపిరిలో పీలుస్తూ, జానెడు జానెడుగా జరుగుతుంటాయి. బండి నడుపుతూ వినే పాటలంటే లోకానికి గాలికెగిరే జుట్టూ, సముద్రం పక్కన నల్లని నున్నని రోడ్డూ గుర్తొస్తాయి. ఆ భాగ్యం ఈ మదరాసు పట్నంలో దక్షిణం వైపు వాళ్ళది. వాళ్ళకు మహాబలిపురం దాకా ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఉంది, ఆ రోడ్డు మీద పింక్ ఫ్లాయిడూ డీప్ పర్పులూ ఉన్నాయి. ఉత్తరం వైపు మాకు ఈ దారి ఉంది. ఈ దారికి తగిన రాక్ బ్యాండు కూడా మాకొకటి ఉండేది. అది ఏ వేదిక మీదా తన పేరుతో నిలబడలేదు, ఏ గోడ మీదా దాని బొమ్మ పడలేదు, అసలు దానికి పేరే పెట్టలేదు. దాని కోసమే నా ఈ శోకం.

ఓ డ్రమ్ము కర్రలారా, ఓ ఉక్కు తీగలారా, పాట వెనక చీకట్లో కూర్చుని మా బండ్లను ముందుకు నెట్టిన వేళ్ళలారా! మిమ్మల్ని ఏ పేరుతో పిలిచి ఏడవను?

ఈ దారికి పాట కొత్త కాదు. మా పేటకు పేరిచ్చినవాడే ఒక పాటగాడు. రామనాథపురం సీమలోని తొండి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సూఫీ కవి కుణంగుడి మస్తాన్ సాహిబు. 1792లో పుట్టి 1838లో ఇక్కడే కన్నుమూశాడు. తొండి నుంచి వచ్చినాయన తొండియార్, ఆయనున్న చోటు తొండియార్‌పేట. ఇదే దారిలో ఇంకొంచెం ఉత్తరానికి పోతే తిరువొత్తియూరు. త్యాగయ్య అక్కడికి వచ్చి త్రిపురసుందరి మీద అయిదు కృతులు కట్టాడు, తెలుగులో. నూట ఎనభై ఏళ్ళ నాడే తెలుగు పాట నడిచిన బాట ఇది. ఆయన ప్రతి కృతి చివరా తన పేరు తానే పొదిగి పోయాడు. అది ముద్ర. దాని మీద కాలం చెయ్యి వేయలేకపోయింది. ఎవరు ఎక్కడ పాడినా, ఎంత తప్పు పాడినా, చివరి చరణంలో త్యాగరాజు వచ్చి నిలబడతాడు.

డ్రమ్ము వాయించే మనిషికి ముద్ర ఎక్కడుంటుంది? బేస్ గిటారు ఏ చరణంలో తన పేరు చెప్పుకుంటుంది?

ఈ దారి గురించి ఇంకో మాట చెప్పాలి. ఈ దేశంలో కదిలే బండ్లలో ఎన్నో ఇక్కడే పుట్టాయి. ఎన్నూరులో 1948లో అశోక్ మోటార్స్ మొదలైంది. ముందు ఆస్టిన్ కార్లు బిగించారు, తర్వాత లారీలూ బస్సులూ మొదలుపెట్టారు, 1955లో అది అశోక్ లేలాండ్ అయింది. అదే 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీ గేటు లోంచి బుల్లెట్లు దడదడలాడుతూ బయటికొచ్చాయి. ఆ తిరువొత్తియూరులోనే 1946లో ఒక చిన్న షెడ్డులో ఆటబుడగలు చేసిన కంపెనీ తర్వాత ఎం.ఆర్.ఎఫ్. టైర్లయింది. చక్రం ఇక్కడ, ఇంజను ఇక్కడ, టైరు ఇక్కడ. ఆ బండ్లలో మోగిన పాట మాత్రం పట్నానికి రెండో కొసన, వడపళని, సాలిగ్రామం వైపు తయారైంది. ఇటు షిఫ్టు సైరన్ మోగే వేళకు అటు మైకు ముందు ఎర్రదీపం వెలిగేది. రెండు చోట్లా మనుషులు వరసల్లో నిలబడి, తమకిచ్చిన ముక్కను తాము బిగించి, ఇంటికి పోయారు. బండి మీద కంపెనీ పేరుంది. పాట మీద సినిమా పేరుంది.

మా మావయ్య ఛాసీ డ్రైవరు. ఎన్నూరు గేటులో బయటికొచ్చిన లారీకి అప్పటికి ఒళ్ళుండదు: రెండు ఉక్కు పట్టీలు, ఆరు చక్రాలు, ఇంజను, స్టీరింగు. పైన కప్పు లేదు, ఎదుట అద్దం లేదు, పక్కన తలుపు లేదు. కూర్చోవడానికి ఒక చెక్క సీటు, దాని మీద మడత పెట్టిన గోనె. నెత్తికి తువ్వాలు, కళ్ళకు రంగు అద్దాలు, ఛాతీకి పాత పేపరు, దాని మీద చొక్కా. అలా గాలినీ ధూళినీ వాననూ ముఖాన మోసుకుంటూ విజయవాడ ఆటోనగర్‌కు చేర్చాలి, అక్కడ బాడీ కడతారు. ఆ బండిలో టేప్‌రికార్డరు పెట్టే చోటెక్కడిది? అందుకని మావయ్యే పాడేవాడు. గుమ్మిడిపూండి దాటేసరికి పల్లవి, తడ దగ్గర చరణం. విశేషం ఏమిటంటే ఆయన మాటలు ఎప్పుడూ పూర్తిగా పాడలేదు. మాటల మధ్య వచ్చే వాద్యాలు పాడేవాడు. నోటితో డ్రమ్ము, ముక్కుతో గిటారు, పెదాలతో వయొలిన్లు. ఇంటికొచ్చి భోజనం దగ్గర కూడా ఎడం చెయ్యి పీట మీద ఆ దరువే వేసేది. "పాట మధ్యలోది రారా అబ్బీ, అదే బండిని లాగేది" అనేవాడు. ఆ మధ్యలోదాన్ని వాయించిందెవరో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలన్నా చెప్పేవాళ్ళు లేరు.

నాకు తెలిసిన పేర్లు చెబుతాను. డ్రమ్స్ పురుషోత్తమన్. గిటారు సదానందం. లీడ్ గిటారు చంద్రశేఖర్, ఆయన పురుషోత్తమన్ తోడబుట్టినవాడే. బేస్ గిటారు శశిధరన్. కీబోర్డు విజి మాన్యుయేల్. వేణువు నెపోలియన్. వయొలిన్ వి.ఎస్. నరసింహన్. వీళ్ళ ముందు చేతిరాతతో నింపిన స్వరాల కాగితాలు పట్టుకుని నిలబడినవాడు ఇళయరాజా. వీళ్ళ మధ్య అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నవ్వుతూ నిలబడినవాడు బాలు. అదీ మా బ్యాండు. అది ఉన్నది సాలిగ్రామంలో ఎల్.వి. ప్రసాద్ గారు కట్టిన స్టూడియోలో, ఒక హాల్లో.

ఆ బ్యాండు తొలి మొలక ఇంకా ముందుది. ఇంజనీరింగు చదువు కోసం మదరాసు చేరిన నెల్లూరు కుర్రాడు 1960లలో ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు నడిపేవాడు. ఆ ట్రూపులో ఇళయరాజా గిటారు పట్టేవాడు, తర్వాత హార్మోనియం. తమ్ముడు గంగై అమరన్ గిటారు, అన్న భాస్కర్ తాళవాద్యం. ఆ కుర్రాడు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం. 1966 డిసెంబరు 15న కోదండపాణి గారి చేతి మీదుగా తొలి సినిమా పాట పాడాడు. పదేళ్ళకు, 1976లో, గిటారు పట్టిన స్నేహితుడు 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యాడు. ఇద్దరూ ఊళ్ళో కుర్రాళ్ళ బ్యాండు నుంచి వచ్చినవాళ్ళే. ఆ తర్వాత వాళ్ళ పాటల్లో డ్రమ్ము మొదలైన ప్రతిసారీ నాకు అదే వినిపిస్తుంది: సినిమా వేషం వేసుకున్న ఒక బ్యాండు, లోపల ఇంకా ఇరవై ఏళ్ళ వయసు.

వాళ్ళు పని చేసిన తీరు వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పొద్దున ఇళయరాజా పాట కట్టి, ఏ వాద్యం ఏ క్షణాన ఏం పలకాలో కాగితం మీద రాసేవారు. ఎవరి భాగం వాళ్ళు ఎత్తి రాసుకునేవారు. రిహార్సలు. అందరూ ఒకేసారి, ఒకే హాల్లో, గాయకుడితో కలిసి వాయించాలి. చివరి చరణంలో ఒక్క వేలు తడబడితే పాట మొత్తం మళ్ళీ మొదటి నుంచి. నలభై మంది ఊపిరి ఒక్క సన్నని తీగ మీద నడిచిన రోజులవి. సాయంత్రానికి పాట టేపులో నిద్రపోయేది. మర్నాడు పొద్దున ఇంకో పాట.

ఇప్పుడు ఆ పాటను మా రోడ్డు మీదికి తెస్తాను.

మొదట హై-హాట్ పలుకుతుంది, రెండు కంచు పళ్ళాల మధ్య సన్నని ఊపిరి. డ్రైవరు ఎడం చెయ్యి గేరు రాడ్డు మీద ఉంటుంది. ఆ ఊపిరి నాలుగు సార్లు తీసుకునేలోగా క్లచ్చి వదిలేస్తాడు. అప్పుడు గిటారు. దాని వెనక తీగల వాద్యాలు పొగమంచు తెర లేచినట్టు లేస్తాయి. ఆ తెర చీల్చుకుంటూ బాలు గొంతు. పల్లవి అయిపోగానే పాట ఒక మలుపు తిరుగుతుంది, అదే మావయ్య చెప్పిన మధ్యలోది. అక్కడ మాటలుండవు. ఎదుటి రోడ్డు ఒక్కసారిగా వెడల్పవుతుంది. రెండో చరణానికి ముందు వచ్చేది మొదటిదానిలా ఉండదు. ఒకే పాటలో రెండు ఊళ్ళు దాటినట్టు ఉంటుంది. మళ్ళీ పల్లవికి వచ్చేసరికి మనం బయల్దేరిన చోట లేము, అదే పల్లవి అయినా. నాలుగున్నర నిమిషాల్లో ఇంత దూరం తీసుకుపోయే బండి ఏ ఫ్యాక్టరీలో తయారైంది?

ఇక్కడ ఒక సంగతి. లారీ పరుగెత్తుతున్నప్పుడు ఇంజను రొద కింది స్వరాలన్నిటినీ మింగేస్తుంది. బాలు గొంతు మిగులుతుంది, హై-హాట్ మిగులుతుంది, వయొలిన్ల పై అంచు మిగులుతుంది. బేస్ గిటారు మాత్రం పూర్తిగా మునిగిపోతుంది. బండి ఆగి, ఇంజను గొణుగుడులోకి దిగినప్పుడే శశిధరన్ గారి వేళ్ళు పైకి తేలతాయి. వింటే తెలుస్తుంది, ఆ గిటారు పాటకు కింద పరిచిన నేల కాదు. అది వేరే పాట. గొంతు ఎక్కుతుంటే అది దిగుతుంది, గొంతు ఆగితే అది ఒక మాట అంటుంది, గొంతు ఏడుస్తుంటే అది పక్కన నడుస్తూ ఇంకేదో కథ చెబుతుంది. వందల సార్లు విన్న పాటలో ఇంకో పాట దాగుందని నాకు తెలిసింది టోల్‌గేట్ సిగ్నల్ దగ్గర. వేగంగా పోయే రోడ్లు నాకు ఈ మాట చెప్పలేకపోయాయి. బండ్లు ఆగిపోయే దారి కాబట్టి, ముందు ట్రెయిలరు, వెనక ట్రెయిలరు, కదలడానికి చోటు లేని దారి కాబట్టి, ఎన్నూరు హైరోడ్డు నాకా బేస్ గిటారును వినిపించింది.

ఓ ఆగిన చక్రాల దారీ! పట్నమంతా నిన్ను తిడుతుంది. నేను నీకు మొక్కుతాను. పరుగు మింగేసిన స్వరాన్ని నువ్వు బయట పెట్టావు.

మదరాసును భారతదేశపు డెట్రాయిట్ అంటారు, కార్లు తయారుచేస్తుందని. ఆ పోలిక చేసేవాళ్ళకు రెండో డెట్రాయిట్, పాటల డెట్రాయిట్, గుర్తున్నట్టు లేదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ అనే యువకుడు లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో వరసలో నిలబడి పని చేశాడు. 1959లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. జనం పాటలు కార్లో వింటారని వాళ్ళకు తెలుసు; అందుకే కారు రేడియోలో ఎలా వినిపిస్తాయో చూసుకోవడానికి చిన్న స్పీకర్లలో పాటను పరీక్షించేవారు. ఆ పాటలన్నిటి వెనకా ఒకే గుంపు వాయిద్యగాళ్ళు. వాళ్ళకు వాళ్ళు ఫంక్ బ్రదర్స్ అనుకున్నారు. వాళ్ళలో జేమ్స్ జేమర్సన్ బేస్ గిటారు వాయించాడు. ప్రపంచమంతా కార్లలో ఆయన వేళ్ళకు తల ఊపింది. ఆయన పేరు ఒక మోటౌన్ ఆల్బం అట్ట మీద పడేసరికి 1971 వచ్చింది. 1983లో కంపెనీ పాతికేళ్ళ పండగ చేసుకుంటే ఆయన టిక్కెట్టు కొనుక్కుని జనంలో కూర్చుని చూశాడు. ఆ ఏడే పోయాడు. ఆ గుంపు మీద డాక్యుమెంటరీ 2002లో వచ్చింది, అప్పటికి వాళ్ళలో చాలామంది లేరు.

కార్ల పట్నమైన మన డెట్రాయిట్‌కు కూడా ఫంక్ బ్రదర్స్ ఉన్నారు. వాళ్ళకు వాళ్ళు ఒక పేరైనా పెట్టుకోలేదు. క్యాసెట్టు అట్ట మీద హీరో బొమ్మ, హీరోయిన్ బొమ్మ, సంగీతం, రచన, గానం. లోపల మడత కాగితంలో పాట మొదటి మాటలు, పాడినవాళ్ళ పేర్లు. డ్రమ్ము ఎవరిది? లేదు. 'అభిలాష'లో, 'ఛాలెంజ్'లో, 'గీతాంజలి'లో ఆ గిటారు ఎవరిది? లేదు. చిరంజీవి బైకు మీద పోతుంటే ఎన్ని ఊళ్ళు ఊగిపోయాయో, ఆ ఊపు పుట్టిన మణికట్టు ఎవరిదో ఆ ఊళ్ళకు ఎవరూ చెప్పలేదు. నిందించడానికి కూడా నాకెవరూ దొరకరు. అది రివాజు. రివాజు కన్నా పెద్ద దొంగ లేడు. కాపలావాడి వేషంలోనే వచ్చి ఎత్తుకుపోతాడు.

ఊళ్ళో నిజంగా రాక్ బ్యాండ్లు పెట్టుకున్న కుర్రాళ్ళూ ఉండేవాళ్ళు. 'రూట్స్' అని ఒకటి. అందులో శివమణి డ్రమ్స్, దిలీప్ అనే కుర్రాడు కీబోర్డు. ఆ దిలీపే 'నెమెసిస్ ఎవెన్యూ' అనే రాక్ బ్యాండు కూడా పెట్టాడు. రాత్రి రాక్, పగలు ఇళయరాజా గారి హాల్లో కీబోర్డు. 1986లో 'పున్నగై మన్నన్'కు ఇళయరాజా కంప్యూటరుతో సంగీతం చేయించారు. ఆ రోజు ఆ హాల్లోకి వచ్చిన పెట్టె చిన్నది. దాని వెనక వచ్చిన కాలం పెద్దది. 1992లో ఆ దిలీప్ ఏ.ఆర్. రెహమాన్‌గా 'రోజా'తో లేచాడు, పాట చేసే పద్ధతే మారిపోయింది. రెహమాన్ తన వాద్యగాళ్ళ పేర్లు క్యాసెట్ల మీద అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. అది ఆయన గొప్పదనం, దానికి చేతులెత్తి దండం. ఒకే హాల్లో నలభై మంది ఒకేసారి ఊపిరి బిగపట్టిన పాట మాత్రం అక్కడి నుంచి మెల్లగా సన్నబడింది. ఒక్కొక్కరే వచ్చి, తమ ముక్క వాయించి, వెళ్ళిపోయే పద్ధతి వచ్చింది. పేర్లు దొరికే వేళకు బ్యాండు చెదిరిపోయింది.

ఆపైన 2020 వచ్చింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో బాలు నెల్లూరు వెళ్ళి, తిప్పరాజువారి వీధిలోని తన తండ్రిగారి ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. మార్చిలో లాక్‌డౌన్‌తో దారులు మూతపడ్డాయి. రేవు మాత్రం మూయలేదు కాబట్టి ట్రెయిలర్లు కొన్ని నడిచాయి, కానీ తిరువొత్తియూరు హైరోడ్డు మీద, నేను పుట్టినప్పటి నుంచి ఎన్నడూ చూడనిది చూశాను: తారు. రోడ్డు మీద తారు కనిపించింది. మేలో పురుషోత్తమన్ గారు పోయారు. మా పేటలో కూలివాడు చచ్చినా పాడె ముందు డప్పు లేకుండా వీధి దాటడు. డప్పు కొట్టేవాళ్ళు రాత్రంతా కొడతారు, గానా పాడేవాళ్ళు చనిపోయినవాడి పేరు పెట్టి పాడతారు. ఊరంతటి చక్రాలకూ తాళం నేర్పిన మనిషి, చక్రాలన్నీ ఆగిపోయిన నెలలో వెళ్ళిపోయారు. పురుషోత్తమన్ గారూ! మీరు కొట్టిన దెబ్బ ఒక్కటి కూడా ఆలస్యమవడం నేను వినలేదు. మిమ్మల్ని తలుచుకోవడంలో మేమే ఆలస్యమయ్యాం.

ఆగస్టు 5న బాలు అమింజికరైలో ఆస్పత్రిలో చేరారు. ఆగస్టు 20న సాయంత్రం ఆరింటికి అందరూ ఆయన పాట పెట్టి ప్రార్థన చేయాలన్నారు. మా వీధిలో మేడల మీద నుంచి, కిళ్ళీ కొట్టు ఫోను లోంచి, ఆగిన ఆటో లోంచి, తలా ఒక పాట. తమిళం, తెలుగు, మధ్యలో ఎక్కడో హిందీ. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఏ పాట మాటలూ తెలియలేదు. డ్రమ్ములు మాత్రం తెలిశాయి. సెప్టెంబరు 25న ఆయన వెళ్ళిపోయారు. మర్నాడు రెడ్‌హిల్స్ అవతల తామరైపాక్కంలో, ఆయన తోటలోనే, మట్టిలో ఉంచారు. చూడండి, ఆయన పడుకున్న చోటు కూడా ఉత్తరం వైపే. మావయ్య ఛాసీ బండి పోయిన దారికి కాస్త పడమరగా. నెల్లూరు నుంచి వచ్చినవాడు నెల్లూరు పోయే దారి మొదట్లోనే నిలిచిపోయారు.

అదే ఏడాది మా తొండియార్‌పేట అగస్త్య థియేటరు మూసేశారు. 1967లో తెరిచిన హాలు. ఆ బ్యాండును మేం నిజమైన శబ్దంతో విన్నది అక్కడే. ట్రాన్సిస్టరులో గిలగిలలాడిన డ్రమ్ము అక్కడ రొమ్ముకు తగిలేది. డిసెంబరులో, కోర్టు దాకా వెళ్ళిన వివాదం తర్వాత, ఇళయరాజా సామాన్లు ప్రసాద్ స్టూడియో నుంచి బయటికి వచ్చాయి. నలభై ఏళ్ళకు పైగా ఆయన కూర్చున్న గది. 2021 ఫిబ్రవరిలో కోడంబాక్కంలో పాత ఎం.ఎం. థియేటరులో ఆయన కొత్త స్టూడియో తెరిచారు. ఆయన పని ఆగలేదు, ఆగకూడదు. కానీ ఆ హాలు గోడలకు పట్టిన శబ్దాన్ని ఏ లారీలో ఎక్కిస్తారు? ఆ ఫిబ్రవరిలోనే మా పేటకు మెట్రో వచ్చింది. ఏళ్ళ తరబడి తవ్విన రోడ్డు కింద రైలు నడిచింది. అందులో ఎవరి చెవుల్లో వాళ్ళ పాట. పక్కవాడికి వినపడదు.

ఓ రెండువేల ఇరవై, నువ్వు డ్రమ్మును తీసుకున్నావు, గొంతును తీసుకున్నావు, హాలును తీసుకున్నావు, గదిని తీసుకున్నావు. ఇక నాకు మిగిల్చింది ఈ సిగ్నలు దగ్గర కాసేపు పైకి తేలే బేస్ గిటారు. దీన్నైనా ఉంచు.

ఎవరన్నా అడగొచ్చు: పాట బతికే ఉందిగా, ఈ ఏడుపెందుకని. పాట బతికే ఉంది. 'గీతాంజలి'కి ముప్పై అయిదేళ్ళు దాటినా సూళ్ళూరుపేట టోల్‌గేటు దగ్గర రోజూ పుడుతుంది. వాయించిన మనిషి మొదటి రోజు నుంచే లేడు, అదే నా బాధ. పోయినవాడి కోసం ఏడవడానికి ముందు అతడు ఉండేవాడని తెలియాలి కదా. కర్మకాండలో కూడా గోత్రం, పేరు చెప్పకుండా తిలోదకాలు వదలరు. కోట్ల మంది రోజూ ఈ మనుషుల చేతుల మీద ప్రయాణం చేస్తున్నారు, ఒక్కరి పేరుతోనూ ఒక్క చుక్క నీళ్ళు వదలలేదు.

మొన్న సాయంత్రం ఎన్నూరు హైరోడ్డు మీద బారు కదలక, టీ బండి దగ్గర నిలబడ్డాను. నా పక్కనే ఆగిన ట్రెయిలరులో కావలి కుర్రాడు. బ్లూటూత్ స్పీకరులో పాత పాట. డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి, పక్కన ఎండిన మల్లెదండ, ఫోను పెట్టుకునే స్టాండు. ఇంజను ఆపేసి ఉంది కాబట్టి బేస్ గిటారు రోడ్డు మీదికి నడిచొచ్చింది. నేను తల ఊపడం చూసి నవ్వాడు.

"బాలు గారి పాటన్నా, ఇవి లేకపోతే నైటు బండి తోలలేం" అన్నాడు.

"పాడింది బాలు గారే. వాయించినవాళ్ళు తెలుసా?" అన్నాను.

"ఇళయరాజా కదన్నా."

"ఆయన రాశారు. వాయించినవాళ్ళు వేరే."

కుర్రాడు స్పీకరు వైపు చూశాడు, అందులో ఎవరన్నా కూర్చున్నారేమోనన్నట్టు. "ఆళ్ళకి పేర్లుండాయా?" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు.

చెప్పాను. డ్రమ్ము నుంచి మొదలుపెట్టాను. అతను ఫోను తీసి, మాట్లాడి రాయించే మీట నొక్కి, నా వైపు పెట్టాడు. పురుషోత్తమన్ అన్నాను. ఫోను పురుషోత్తం అని రాసింది. "కాదు, మన్" అన్నాను. దిద్దాడు. సదానందం, శశిధరన్. "బేసు గిటారంటే ఏదన్నా?" అని అడిగాడు. "ఆగు" అన్నాను. ఇద్దరం చెవులు పెట్టాం. పాట రెండో చరణానికి ముందున్న మలుపులో ఉంది. వచ్చింది. "అదుగో, ఆ కింద పోయేది." కుర్రాడి ముఖం మారింది. "దీన్ని ఇన్నేళ్ళూ యిన్లేదే నేను" అని పాటను వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. "విజి మాన్యుయేల్, కీబోర్డు" అన్నాను. అంతలో ముందు బండి కదిలింది. వెనక పది హారన్లు ఒక్కసారి మొరిగాయి. కుర్రాడు తాళం తిప్పాడు, ఇంజను లేచింది, గిటారు మునిగింది. ట్రెయిలరు నా పక్క నుంచి జరుగుతుంటే కిటికీలోంచి తల బయట పెట్టి, "మిగతా పేర్లు చెప్పన్నా, బిన్నా!" అని కేకేశాడు. టీ గ్లాసు బండ మీద పెట్టేసి, ఆ చక్రాల పక్కన నడుస్తూ, హారన్లను మించి గొంతెత్తి అరిచాను: "చంద్రశేఖర్, లీడ్ గిటారు! నెపోలియన్, వేణువు! నరసింహన్, వయొలిన్!"